స్త్రీలకు వృత్తులు: ఆస్తులకు విలువ కట్టుట

ఇల్లు గలవారందఱును తమ యింటి విలువ తమకు తెలియుననియే తలంతురు. యజమానుని అడిగిన ఒక సంఖ్య చెప్పును. పొరుగువారు ఇంకొకటి చెప్పుదురు. దళారి మూడవది చెప్పును. రిజిస్ట్రేషను కచేరీ లెక్కలలో నాల్గవది యుండును. ఈ నాల్గింటిలో దేనిని నమ్మి బ్యాంకువారు ఋణము ఇయ్యవలెను? దేనిని బట్టి అన్నదమ్ములును అక్కచెల్లెండ్రును పంచుకొనవలెను? ఈ ప్రశ్నకు కారణములు చూపి, క్రింద సంతకము చేసి సమాధానము చెప్పువారిని వాల్యుయర్లు అందురు.

సివిల్ ఇంజనీరింగు గాని, గృహనిర్మాణశిల్పము గాని చదివిన కుమార్తెలు గల తల్లులు కొందఱు, ఈ వృత్తి ఆడపిల్లలకు తగునా, దీనివలన జీవనము జరుగునా యని మమ్ము అడుగుచున్నారు. తగునని ఒక్క మాటతో చెప్పి ఊరకుండుట మాకు ఇష్టము లేదు. ఏ వృత్తికైనను లాభనష్టములు రెండును గలవు. రెంటిని త్రాసులో పెట్టి చూపుట మా విధి. తూచుకొనుట చదువరుల వంతు.

మొదట ఈ పని యేమో చూతము. కొనువాడు ఇచ్చిన సొమ్ము ధర. ఇచ్చకము గాని, తొందర గాని, బలవంతము గాని లేక, తెలిసి కొనువాడును తెలిసి అమ్మువాడును ఒడంబడదగిన మొత్తము విలువ. అవసరముపడి సగమునకు అమ్ముకొన్నవాని ధర విలువ కాదు. పక్క స్థలము మీది మోజుతో రెండింతలు ఇచ్చినవాని ధరయు విలువ కాదు. ఈ భేదమును గ్రహించుటయే ఈ విద్యకు ఓనమాలు.

ఈ విలువ ఎవరికి కావలయును? ఇంటి మీద అప్పిచ్చు బ్యాంకులకు కావలయును. పిల్లలను పైచదువులకు విదేశములకు పంపు కుటుంబములకు, ఋణము కొఱకును, తమ కలిమిని చూపుకొనుటకును కావలయును. మన తెలుగుదేశమున నేడు ఈ పని మిక్కిలిగా నున్నది. 2001 ఏప్రిల్ 1వ తేదీకి ముందు సంపాదించిన ఆస్తిని ఇప్పుడు అమ్మినవారు, లాభము మీద పన్ను లెక్కించుటకు ఆ తేదీనాటి విలువను తీసికొనవచ్చును గనుక వారికిని కావలయును. అప్పులలో మునిగిన కంపెనీల ఆస్తులు తేల్చుటకును, భాగపంపిణీలకును, కోర్టు వ్యాజ్యములకును కావలయును. ప్రభుత్వము భూమిని సేకరించునప్పుడు, దాని మీది కట్టడములకు, చెట్లకు, పైరులకు విలువ తేల్చుటకు అనుభవజ్ఞుల సాయము తీసికొనవచ్చునని 2013 నాటి భూసేకరణ చట్టము చెప్పుచున్నది.

పని జరుగు విధమును కొంచెము వివరింతము. వాల్యుయరు మొదట కాగితములు చూడవలెను: క్రయదస్తావేజు, దానికి ముందటి లింకు దస్తావేజులు, ఈ.సి., పన్ను రసీదు, కట్టడమునకు మంజూరైన ప్లాను. తరువాత టేపు చేతబట్టి స్థలమునకు పోవలెను. నాలుగు హద్దులును దస్తావేజులో వ్రాసినట్లే యున్నవా? రెండంతస్తులకు అనుమతి పొంది మూడు లేపినారా? గోడలు చెమ్మగిల్లినవా? శ్లాబు క్రింద ఇనుము త్రుప్పుపట్టి పెచ్చులు రాలుచున్నవా? వానకాలమున వీధిలో నీరు నిలుచునా? వీధిపోటు గలదా? వీధిపోటును వాల్యుయరు నమ్మినను నమ్మకున్నను, కొనువారు నమ్ముదురు. వారు వెనుకాడినచో ధర తగ్గును. లోకము ఇచ్చు విలువను వ్రాయవలెను గాని, తన నమ్మకమును వ్రాయరాదు.

కొలతలయందును తెలివి కావలయును. ఎకరమునకు 4,840 చదరపు గజములు. కోస్తాలో దానిని నూరు సెంట్లుగా లెక్కింతురు గనుక సెంటు 48.4 గజములు. తెలంగాణమున నలువది గుంటలుగా లెక్కింతురు గనుక గుంట 121 గజములు. నెల్లూరు, తిరుపతి వైపుల అంకణములలో చెప్పుదురు. ఆ అంకణమైనను రెండు చోట్ల ఒక్కటి కాదు. కొలత తప్పిన పిమ్మట లెక్క ఎంత చక్కగా చేసినను వ్యర్థమే.

ఇక లెక్కించు మార్గములు మూడు. మొదటిది పోలిక: ఆ వీధిలో ఇటీవల అమ్ముడైన స్థలముల ధరలను కూర్చి, మూలస్థలమా, దారి వెడల్పెంత, పడమర ముఖమా తూర్పు ముఖమా యని హెచ్చుతగ్గులు సరిచూచుకొనుట. రెండవది ఖర్చు: స్థలము విలువకు, ఆ ఇంటిని నేడు కట్టిన నగు ఖర్చులో పాతబడినంత మేర తీసివేసి కలుపుట. మూడవది ఆదాయము: ఏటికి వచ్చు నికరపు అద్దెను బట్టి మూలధనము తేల్చుట.

ఒక ఉదాహరణము చెప్పెదము. ఇందలి అంకెలు కేవలము లెక్క తెలియుటకై ఊహించినవి. రెండువందల గజముల స్థలమున 1,500 చదరపు అడుగుల ఇల్లు గలదనుకొనుడు. దాని వయస్సు 20 ఏండ్లు. గజము 20,000 రూపాయల చొప్పున స్థలము 40 లక్షలు. అట్టి ఇల్లు నేడు కట్టుటకు అడుగునకు 1,800 రూపాయలైనచో 27 లక్షలు. ఇంటి ఆయువు 60 ఏండ్లనియు, చివరకు పాత సామానుకు నూటికి పది మిగులుననియు పెట్టుకొన్నచో, తక్కిన తొంబది వంతులు 60 ఏండ్లలో తరుగవలెను. 20 ఏండ్లకు నూటికి ముప్పది తరిగినది, అనగా 8,10,000 రూపాయలు. మిగిలినది 18,90,000. స్థలముతో కలిపి 58,90,000 రూపాయలు. అదే ఇంటికి ఖర్చులు పోను ఏటికి 1,80,000 రూపాయలు అద్దె వచ్చుచు, ఆ ప్రాంతపు ఇండ్లు నూటికి మూడు వంతున ఆదాయ మిచ్చుచున్నచో, ఆ లెక్కను 60 లక్షలు తేలును. రెండు దారులును ఇంచుమించు ఒక చోటికే చేరినవి గనుక సంఖ్యకు బలము కలిగినది. అవి మిక్కిలి దూరమైనచో ఎక్కడనో పొరపాటున్నదని గ్రహించి మరల వెదకవలెను. పాతబడునది ఇల్లే గాని స్థలము కాదు. ఇంటి సొగసు చూచి మురియువారు ఈ సంగతిని మఱచుచుందురు.

రిజిస్ట్రేషను శాఖవారు ప్రకటించు విలువ స్టాంపు సుంకము వసూలు చేయుటకై ఏర్పఱచినది. బజారు విలువ కొన్ని చోట్ల దానికి పైన నుండును, కొన్ని చోట్ల దిగువను నుండవచ్చును. ఆ అంకెను ఎత్తి వ్రాసి చేతులు దులుపుకొను వాల్యుయరుకు ఫీజు ఇచ్చుట దండుగ.

ఇప్పుడు చట్టము సంగతి. 1957 నాటి సంపదపన్ను చట్టము క్రింద పన్నుశాఖలో నమోదగు వాల్యుయర్లు మొదట ఏర్పడిరి. 2015 నాటి ఫైనాన్సు చట్టముతో ఆ పన్ను తొలగినది. 2013 నాటి కంపెనీల చట్టము 247వ సెక్షనులో రిజిస్టర్డు వాల్యుయర్లను గుఱించి నిర్దేశించి, 2017లో అందుకు నియమములు వెలువరించిరి. ఇన్సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్ట్సీ బోర్డువారు దీనికి అధికారులు. భూములు కట్టడములు ఒక తెగ, యంత్రములు రెండవ తెగ, వాటాలు మొదలగు ఆర్థికాస్తులు మూడవ తెగ. మొదటి తెగకు సివిల్ ఇంజనీరింగు గాని, ఆర్కిటెక్చరు గాని, పట్టణ ప్రణాళిక గాని చదివి యుండవలెను. పట్టభద్రులకు అయిదేండ్ల అనుభవమును, ఆపై పట్టము గలవారికి మూడేండ్ల అనుభవమును కావలయును. గుర్తింపు పొందిన సంస్థయందు సభ్యత్వము తీసికొని, 50 గంటల బోధన విని, కంప్యూటరు మీద వ్రాయు పరీక్షలో నూటికి 60 మార్కులు తెచ్చుకొనవలెను. తప్పు వ్రాసిన మార్కులు తగ్గును.

పరీక్ష నెగ్గిన మరునాడే పని వాకిట నిలుచునని తలంపరాదు. నమోదు వేఱు, జీవనము వేఱు. ప్రతి బ్యాంకునకును తన సొంత వాల్యుయర్ల జాబితా యుండును. అందు పేరు ఎక్కుటకు వేర్వేఱుగా దరఖాస్తులు పెట్టుకొనవలెను, అనుభవము చూపవలెను, కాచుకొనవలెను. జాబితాకు ఎక్కినను పని సమముగా పంచుదురను నమ్మకము లేదు. కొన్ని నెలలు తీరిక దొరకదు, కొన్ని నెలలు ఈగలు తోలుకొనవలెను. ఫీజులు ఆలస్యముగా వచ్చుటయు గలదు. పోటీకై ఫీజు తగ్గించుకొని, స్థలమునకు పోకయే రిపోర్టు వ్రాయువారును లేకపోలేదు. పట్టణములలో ఒకే మూసలో కట్టిన అపార్టుమెంట్లకు కంప్యూటరు లెక్కలే విలువ చెప్పుట మొదలైనది గనుక, సులువైన పని మునుముందు తగ్గవచ్చును. చిక్కైన ఆస్తులను నిలిచి చూడగల కన్ను మాత్రము కంప్యూటరుకు లేదు.

ఇంతకంటె పెద్ద కష్టము ఇంకొకటి గలదు. అది ఒత్తిడి. అప్పు పుచ్చుకొనువాడు కొంచెము ఎక్కువ వ్రాయుమనును. దళారి వచ్చి, మీకెందుకు నష్టమనును. ఒకచోట తక్కువ వ్రాయుమని బ్రతిమాలుదురు. అందఱును మర్యాదగానే అడుగుదురు. కాదన్నచో రెండవసారి పిలువరు. ఈ ఒత్తిడికి లొంగుట ఎంత హానియో మా చదువరులు ఆలోచింపవలెను.

విలువ ఎక్కువ వ్రాసినచో బ్యాంకు ఎక్కువ అప్పిచ్చును. అప్పు తీఱనప్పుడు ఆస్తి అమ్మినను సొమ్ము రాదు. ఆ నష్టము మన అందఱి డిపాజిట్ల మీద పడును. తక్కువ వ్రాసినచో ఏమగును? 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద అప్పు కట్టలేనివారి ఇంటిని బ్యాంకు వేలము వేయుటకు ముందు, అనుమతి గల వాల్యుయరుచేత విలువ కట్టించి, దానిని బట్టి వేలములో కనీసపు ధరను నిర్ణయింతురు. ఆ సంఖ్య పది లక్షలు తగ్గినచో, భర్త పోయి అప్పు మిగిలిన ఒక గృహిణికి, బాకీ తీఱగా చేతికి రావలసిన ఆ పది లక్షలే పోవచ్చును. ఆమె ఆ రిపోర్టును చూచియైన నుండదు. ఏ కచేరీలోనో కూర్చుండి వ్రాసిన ఒక అంకె ఆమె పిల్లల చదువును మ్రింగివేయును.

అందువలననే చట్టము కఠినముగా నున్నది. తనకు లాభసంబంధము గల ఆస్తికి విలువ కట్టరాదు. ఆ సంబంధము నియామకమునకు ముందు మూడేండ్లలోను, విలువ కట్టిన పిదప మూడేండ్లలోను ఉండరాదు. స్వతంత్రముగా విలువ కట్టునప్పుడు, పని నెఱవేఱిన పిదప ఇచ్చెదమను బహుమానపు ఫీజును అడుగరాదు. ప్రతి పనికిని సంబంధించిన కాగితములను కనీసము మూడేండ్లు భద్రపఱుపవలెను. మోసము చేయు తలంపుతో నియమము దాటినట్లు తేలినచో, కంపెనీల చట్టము క్రింద ఏడాది వఱకు కారాగృహమును, లక్ష మొదలు అయిదు లక్షల వఱకు జుల్మానాయు గలవు. పుచ్చుకొన్న ఫీజు తిరిగి ఇయ్యవలెను. నష్టపడినవారికి నష్టపరిహారమును చెల్లింపవలెను.

ఈ వృత్తిని గుఱించి స్త్రీలకు ప్రత్యేకముగా చెప్పవలసిన మాట ఒకటి గలదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము కుమార్తెకు తండ్రి స్వార్జితములో వాటా ఇచ్చినది గాని, పిత్రార్జితమున కుమారునితో సమానముగా పుట్టుకతో వచ్చు హక్కు ఇయ్యలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెండ్లికాని కుమార్తెలకు ఆ హక్కు ఇచ్చినది. 2005 నాటి కేంద్ర సవరణ పెండ్లియైనవారిని కానివారిని భేదింపక దేశమంతటను ఇచ్చినది. తండ్రి 2005 నాటికి జీవించి యుండవలెనా యను సందేహమును, అవసరము లేదని 2020లో సుప్రీంకోర్టు తీర్చినది. చట్టము ఇన్ని మెట్లు ఎక్కి వచ్చినది. ఇంటిలో జరుగునది మాత్రము వేఱు. పండుగనాడు పుట్టింటికి పిలిచి, చీరె పెట్టి, పసుపుకుంకుమల క్రింద ఇంత యని చేతిలో నుంచి, హక్కు విడుదల పత్రము మీద సంతకము చేయించుకొనుట చాల ఇండ్లలో ఆచారము.

సోదరుల మీది ప్రేమతో వాటా విడుచుట తప్పని మేము అనము. అది ఆమె యిష్టము. ఎంత విడుచుచున్నదో తెలియక విడుచుట మాత్రము త్యాగము కాదు, అజ్ఞానము. యాభైలక్షల వాటాకు రెండులక్షలు పుచ్చుకొని, అన్న మంచివాడు, ఏమియు ఇయ్యకున్నను ఇయ్యకుండునే యని సంతోషించు చెల్లెలిని చూచినప్పుడు, ఒక కాగితము మీద విలువ వ్రాసి ఇచ్చువారి అవసరము తెలియును. అంకె తెలిసిన పిమ్మట అన్నకు వదలినను అది దానమగును, అన్నయు దానిని దానముగనే స్మరించును. ఇట్టి సమయమున ఆడువారు తమ సందేహములను మగవానికంటె ఒక స్త్రీకి స్వేచ్ఛగా చెప్పుకొందురు. కాబట్టి ఈ వృత్తియందు స్త్రీలు ఉండుట మంచిదని మా అభిప్రాయము.

సివిల్ పని మగవారిది యను వాదము పాతబడినది. 1940 దశకపు తొలినాళ్ళలోనే మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ముగ్గురు స్త్రీలు చదివిరి. అందొకరు మన తెలుగింటి అయ్యలసోమయాజుల లలితగారు. పదునెనిమిదవ ఏట వైధవ్యము ప్రాప్తించినను, పసిపాపతో చదువుకు నిలిచి, విద్యుచ్ఛాస్త్రమున పట్టము పుచ్చుకొనిరి. తక్కిన ఇద్దఱు, పి. కె. త్రేసియాగారును లీలమ్మ జార్జిగారును, సివిల్ ఇంజనీర్లు. త్రేసియాగారు పిమ్మట కేరళమున ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరు అయిరి. నాడు వారు త్రొక్కిన బాటలో నేడు టేపు పట్టుకొని నాలుగు వీధులు తిరుగుట అసాధ్యమా?

ఐనను జాగ్రత్తలు వలయును. తాళముపెట్టిన ఇండ్లకు, ఊరి బయటి స్థలములకు ఒంటరిగా పోరాదు. కొలతకు ఎట్లును ఇద్దఱు కావలయును గనుక సహాయకుని వెంటబెట్టుకొని పోవుట మేలు. పోవుచోటు ఇంటిలో చెప్పవలెను. పగటివేళనే పని ముగించుకొనవలెను. కలహములో నున్న ఆస్తి యైనచో ఇరుపక్షములకును ముందే తెలియజేసి పోవలెను.

ఈ వృత్తిలోని సుగుణములును చెప్పెదము. పెద్ద పెట్టుబడి అక్కఱలేదు. ఒక గది, కంప్యూటరు, కొలత సాధనములు, వాహనము చాలును. వేళ చాలవఱకు మన చేతిలో నుండును. పిల్లలు బడికి పోయినపుడు స్థలము చూచి, వచ్చిన పిమ్మట ఇంటనుండి రిపోర్టు వ్రాయవచ్చును. అన్నిటికంటె మేలైనది, వయస్సుతో విలువ తరుగని వృత్తి ఇది. ఇరువదేండ్లు ఒక పట్టణమున తిరిగినవారికి ఏ వీధిలో ఏ ఇల్లు ఎంతకు అమ్ముడైనదో నాలుక మీద నుండును. ఆ జ్ఞానమునకు పదవీవిరమణ లేదు.

కాబట్టి మా తీర్పు ఇది. వెంటనే నెలజీతము కావలసిన పిల్లకు ఇది తగదు. ఎండకు, దుమ్మునకు, అంకెలకు విసుగుకొనుపిల్లకును తగదు. పెద్దలు గట్టిగా అడిగినచో కాదనలేని మొగమోటము గలపిల్లకు అసలే తగదు. ఆ గుణమే ఆమెను ముంచును. చూచినది చూచినట్లు వ్రాయగలదియు, రెండు మూడేండ్లు స్వల్పాదాయముతో కాచుకొనగలదియు, ఒక మేనేజరు కోపించినను మఱొకని వద్దకు పోగలదియు నగు పిల్లకు ఇది గౌరవమైన జీవనము. అట్టి పిల్లకైనను చదువు ముగియగానే ఇందు దిగుమని మేము చెప్పము. అనుభవపు అయిదేండ్లు ఏదైన నిర్మాణసంస్థలోనో, పేరుపడిన వాల్యుయరు వద్దనో జీతమునకు పనిచేయనిండు. ఆ దినములలోనే దస్తావేజులు చదువుట, మండల రెవెన్యూ కచేరీలోను రిజిస్ట్రేషను కచేరీలోను వివరములు సంపాదించుట, తెలుగునను ఇంగ్లీషునను తేటగా రిపోర్టు వ్రాయుట నేర్చుకొనవలెను. జీతము మానుటకు ముందు రెండు మూడు జాబితాలలో పేరు ఎక్కి, ఒక ఏడాది ఖర్చు చేతిలో నుండవలెను.

వృత్తి చేపట్టని మా చదువరులకును ఇందు కొంత ప్రయోజనము గలదు. మీ ఇంటి దస్తావేజులు ఎచ్చట నున్నవో, స్థలము ఎన్ని గజములో, ప్లాను మంజూరైనదో లేదో, ఎవరి పేర నున్నదో, ఏ బ్యాంకులో ఎంత బాకీ గలదో ఒక పుస్తకమున వ్రాసికొనుడు. ఇంటిలో ఎవరైన మీ సంతకము అడిగినచో, దాని విలువ ఎంతయో ముందు అడిగి తెలిసికొనుడు. బజారులో వంకాయకు మూడు కొట్లు తిరిగి బేరమాడు గృహిణి, తన జన్మహక్కు విషయమున ఒక్క ప్రశ్నయు వేయక వ్రేలు చూపిన చోట సంతకము చేయుట ఇకనైన మానవలెను.